ఎగ్ పికప్ రిపోర్టులో "ఎస్‌ఈఆర్‌సీ ప్లస్" అని రాశారు, ఆ ఎంబ్రియో పెట్టించుకోవచ్చా?

తణుకు_లక్ష్మి (ఉదయం 6:40)

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ అందరూ రాసేవి చదువుతున్నానే గానీ నేను రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి. నాకు 33, పెళ్లై ఏడేళ్లు, ఏఎంహెచ్ (అండాల నిల్వ చెప్పే రక్తపరీక్ష) 1.6, మావారి వీర్యకణాల కౌంట్ తక్కువ కాబట్టి మొదటి నుంచీ ఇక్సీయే, అంటే వీర్యకణాన్ని సూదితో అండంలోకి ఎక్కించడం. పోయిన ఏడాది ఒక ఐవీఎఫ్ సైకిల్ అయింది, నిలవలేదు. ఇది రెండోది.

పికప్‌లో (అండాలు బయటికి తీసే రోజు) 9 అండాలు వచ్చాయి. మత్తు పూర్తిగా దిగకముందే నర్సు "తొమ్మిదమ్మా" అంటే సంతోషంతో ఏడ్చేశాను. సాయంత్రానికి ఆ తొమ్మిది కాస్తా ఆరయ్యాయి. ఒకటి జీవీ, ఒకటి ఎం1 అట, అంటే ఇంకా పక్వానికి రాలేదని. ఇంకొకటి "జెయింట్" అని పక్కన పెట్టేశారు. మిగిలిన 6కి ఇక్సీ చేస్తే 5 ఫెర్టిలైజ్ అయ్యాయి, ఐదో రోజుకి 3 బ్లాస్టోసిస్టులు, అంటే గర్భసంచిలో పెట్టేంత ఎదిగిన ఎంబ్రియోలు (పిండాలు), మూడూ ఫ్రీజ్ చేశారు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. నిన్న ఫైలు తెచ్చుకుని బస్సులో తిరగేస్తుంటే మూడో పేజీలో పెన్నుతో "2 ఊసైట్స్ ఎస్‌ఈఆర్‌సీ ప్లస్" అని రాసి చుట్టూ సున్నా చుట్టి ఉంది. ఎవరూ నోటితో చెప్పలేదు. ఫోన్ చేసి అడిగితే "అండంలో చిన్న తేడా అమ్మా, దాన్నుంచి వచ్చిన ఎంబ్రియో ఒకటి మీ మూడింట్లో ఉంది, పెట్టించుకుంటారో లేదో మీరిద్దరూ ఆలోచించి చెప్పండి" అన్నారు. చిత్రమేంటంటే మూడింట్లో మంచి గ్రేడు దానిదే, 4ఏఏ. మిగతావి 4బీబీ, 3బీసీ. రాత్రి గూగుల్ చేశాను, చేయకుండా ఉండాల్సింది. పిల్లలకి లోపాలొస్తాయని, నాలుక పెద్దదిగా పుడతారని ఏవేవో ఉన్నాయి. అప్పట్నించి ఒకటే టెన్షన్. మా అత్తగారికి చెప్పలేదు, చెప్తే ఇల్లంతా తెలుస్తుంది. ఎవరికైనా ఇలా జరిగిందా? పిల్లలు బాగున్నారా?

సూర్యాపేట_వాణి (ఉదయం 7:15)

లక్ష్మీ, ముందు ఆ గూగుల్ మూసెయ్.

నాది ఎస్‌ఈఆర్ కాదు, వేరే రకం. నా రిపోర్టులో "అన్ని అండాలూ డార్క్, సెంట్రల్ గ్రాన్యులారిటీ" అని రాశారు. మా డాక్టరమ్మ స్క్రీన్ మీద చూపించింది కూడా, అండం మధ్యలో కాఫీ గ్లాసు అడుగున మడ్డి దిగినట్టు నల్లగా గుంపుగా ఉంది. అది చూశాక మూడు రోజులు అన్నం సయించలేదు, నా ఒంట్లోనే ఏదో మురికి ఉన్నట్టు అనిపించింది. 11 అండాలకి రెండే ఎంబ్రియోలు మిగిలాయి. మొదటిది నిలవలేదు. రెండోది ఇప్పుడు ఎల్‌కేజీ చదువుతోంది, నిన్న హాల్లో కొత్తగా వేసిన సున్నం మీద స్కెచ్ పెన్నుతో ఏనుగును గీసింది, దాని పని పట్టి ఇప్పుడే వచ్చి కూర్చున్నా.

నీ దాని గురించి నాకు తెలీదు, ల్యాబ్ వాళ్లెవరైనా చెప్పాలి. ల్యాబ్‌కోటు గారు ఉన్నారా?

నల్లగొండ_శ్రీను (ఉదయం 8:02)

మగవాడిని, రాయొచ్చో లేదో గానీ రాస్తున్నా. మేము మొదట వెళ్లిన సెంటర్లో (పేరు వద్దు) మా ఆవిడకి పికప్ అయిన రోజే "ఎగ్ క్వాలిటీ బాలేదు, డోనర్‌కి వెళ్లండి" అన్నారు. ఏం బాలేదు అంటే చెప్పరు. ఫోటో అడిగితే లేదన్నారు. క్వాలిటీ అంటే ఏమిటో ఒక్క ముక్క కాగితం మీద రాసివ్వలేదు గానీ డోనర్ ప్యాకేజీ కాగితం మాత్రం ప్రింట్ తీసి రెడీగా పెట్టారు. లక్షన్నర పోయింది, అది పోతే పోయింది, మా ఆవిడ ఆర్నెల్లు నాతో కూడా సరిగ్గా మాట్లాడలేదు, తప్పంతా తనదే అన్నట్టు. వేరే చోట చేయిస్తే సొంత అండంతోనే బాబు పుట్టాడు. లక్ష్మి గారూ, మీవాళ్లు కనీసం కాగితం మీద రాశారు, అది నయం.

ల్యాబ్_కోటు (ఉదయం 11:30)

ఉన్నానండీ, పొద్దున్న ఇక్సీలు ఉండి ఇప్పుడే బయటికొచ్చా. కొత్తవాళ్ల కోసం: నాది నెల్లూరు, చెన్నైలో ఎంబ్రియాలజిస్టుగా పని. డాక్టర్‌ని కాను, మీ ఫైలు చూడలేదు, మీ డాక్టర్ మాటే ఫైనల్.

ముందు మీకు భయం పుట్టించిన మాట. అండం లోపల కాల్షియాన్ని దాచిపెట్టుకునే సన్నటి గొట్టాల వల ఒకటుంటుంది, దాన్నే ఎస్‌ఈఆర్ అంటాం. వీర్యకణం లోపలికి వెళ్లగానే ఆ కాల్షియం అలలు అలలుగా బయటికొస్తుంది, అప్పుడే అండం మేలుకుంటుంది. కొన్ని అండాల్లో ఆ గొట్టాలు చెదురుగా ఉండకుండా ఒకచోట గుంపుకట్టి బిళ్లలా కనిపిస్తాయి. ఆ గుంపే క్లస్టర్, ఎస్‌ఈఆర్‌సీలో సీ అదే, అది కనపడితే ప్లస్ అని రాస్తాం. మైక్రోస్కోపు కింద చూస్తే నీళ్లల్లో పడిన పల్చటి చిల్లర నాణెంలా ఉంటుంది, అండాన్ని సూదితో అటూ ఇటూ దొర్లిస్తే గానీ సరిగ్గా కనపడదు. కొత్తవాళ్లు దీన్నీ వాక్యూల్‌నీ ఒకటే అనుకుంటారు. వాక్యూల్ అంటే నీటి బుడగ, అది వేరే సంగతి, బాగా పెద్ద బుడగ అయితే అండం ఫెర్టిలైజే కాదు.

దీనికి చెడ్డపేరు ఎక్కడొచ్చిందంటే 2004లో జపాన్ నుంచి ఒక పేపర్ వచ్చింది. ఇలాంటి అండాలు కనపడిన సైకిళ్లలో గర్భాలు తక్కువ నిలిచాయని, పుట్టిన ఒక బిడ్డకి బెక్‌విత్ వీడెమన్ సిండ్రోమ్ ఉందని రాశారు. మీరు చదివిన పెద్ద నాలుక సంగతి అదే. ఆ తర్వాత ఇంకొన్ని చోట్ల నుంచి కూడా ఒకటీ అరా కేసులు, గుండెలో రంధ్రం లాంటివి, రిపోర్ట్ అయ్యాయి. దాంతో 2011 ఇస్తాంబుల్ కన్సెన్సస్‌లో, ప్రపంచంలో ల్యాబులన్నీ పట్టుకు తిరిగే పుస్తకం లాంటిది అది, ఈ అండాలకి ఇక్సీ చేయొద్దని గట్టిగా రాశారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్ వీటిని చూడగానే పక్కన పడేయించేవారు.

తర్వాత ఏమైందంటే 2013లో బ్రస్సెల్స్ వాళ్లు ఇలాంటి అండాల నుంచి ఆరోగ్యంగా పుట్టిన పిల్లల లెక్క ప్రచురించారు. ఇంకా కొన్ని చోట్ల నుంచీ అలాగే వచ్చాయి. 2016లో అన్నీ కలిపి చూసిన వాళ్లు మూకుమ్మడిగా పారేయడం సరికాదు, ఒక్కో జంటతో మాట్లాడి నిర్ణయించాలి అన్నారు. ఇప్పుడు చాలా ల్యాబులు చేసేది అదే: రాసిపెట్టుకుంటాం, ముందు మామూలు అండాల నుంచి వచ్చిన ఎంబ్రియోలు వాడతాం, ఇవి వెనక ఉంచుతాం, పేషెంటుకి చెప్తాం. మీ వాళ్లు ఆఖరిది తప్ప అన్నీ చేశారు. ఆఖరిది చేయకపోవడం తప్పే.

ఇక ఆ జెయింట్ సంగతి. దాన్ని పక్కన పెట్టడం నూటికి నూరుపాళ్లు కరెక్టు. మామూలు అండంలో చివరికి 23 క్రోమోజోములు మిగలాలి. జెయింట్ అంటే దాదాపు రెట్టింపు సైజు, లోపల సరంజామా కూడా రెట్టింపు, 46. వీర్యకణం 23 తెస్తే మొత్తం 69. అలాంటి ఎంబ్రియో ఐదో రోజుకి అద్దంలో పెట్టుకోవాలన్నంత అందంగా కూడా ఎదగొచ్చు, కానీ గర్భం సాగదు, ఎక్కువగా అబార్షన్ అవుతుంది. మీరు గూగుల్ చేసి ఎస్‌ఈఆర్‌కి భయపడ్డారు, నిజంగా భయపడాల్సిన అండం వాళ్లు అప్పటికే తీసేసినది.

ఒక ప్రశ్న: మీ ఎంబ్రియోలని విడివిడి చుక్కల్లో (పెంచే ద్రవం చుక్కలు) పెంచారా, అన్నీ కలిపి ఒకే డిష్‌లోనా? కలిపి పెంచితే ఏ అండం నుంచి ఏ ఎంబ్రియో వచ్చిందో ఎవరూ చెప్పలేరు, "4ఏఏ దానిదే" అని ఎలా అన్నారో అడగాలి.

తణుకు_లక్ష్మి (మధ్యాహ్నం 12:10)

అన్నా, ఇంత వివరంగా ఏడేళ్లలో నాకెవరూ చెప్పలేదు. చుక్కల సంగతి తెలీదు, రేపు అడుగుతా. ఆ బెక్‌విత్ ఏంటో కూడా చెప్పండి, దాచొద్దు.

ల్యాబ్_కోటు (మధ్యాహ్నం 1:05)

దాచేదేమీ లేదమ్మా. జన్యువుల్లో కొన్ని తల్లి నుంచి వచ్చినవి నోరు మూసుకోవాలి, కొన్ని తండ్రి నుంచి వచ్చినవి మూసుకోవాలి, అంటే పనిచేయకుండా తాళం పడాలి. ఆ తాళాలు తప్పుగా పడితే వచ్చే జబ్బుల్లో ఇదొకటి. బిడ్డ బరువుగా పుట్టడం, నాలుక పెద్దదిగా ఉండడం, బొడ్డు దగ్గర పేగులు బయటికి రావడం, పుట్టగానే షుగర్ పడిపోవడం, చిన్నప్పుడు కిడ్నీ, లివర్ గడ్డల రిస్కు. మామూలుగా సుమారు 10 వేల మందిలో ఒకరికి. ఐవీఎఫ్ పిల్లల్లో అంతకంటే కొన్ని రెట్లు ఎక్కువ, కానీ రెట్లు ఎక్కువైనా అది వేలల్లో ఒకటే. చాలామంది ఈ పిల్లలు సర్జరీలు, స్కాన్లతో మామూలుగా పెరుగుతారు కూడా. ఒక్క కేసు చూసి ఆ అండమే కారణమని తేల్చలేం, కాదని కూడా ఒట్టు వేయలేం.

ఫ్రీమాంట్_చిట్టి (మధ్యాహ్నం 1:40)

ఇక్కడ అమెరికాలో అయితే చాలామందికి పీజీటీ ఏ (ఎంబ్రియోలో క్రోమోజోముల లెక్క చూసే టెస్టు) చేసేస్తారు, ఎంబ్రియో టెస్ట్ చేయించేస్తే గొడవ వదిలిపోతుంది కదా? నాకు 39లో 8 బ్లాస్టోసిస్టులకి 2 నార్మల్ వచ్చాయి. మీకెందుకు చేయట్లేదు?

ల్యాబ్_కోటు (మధ్యాహ్నం 2:15)

చిట్టి గారూ, మీ వయసుకి అది పనికొచ్చింది, 40కి దగ్గరయ్యే కొద్దీ సగానికి పైగా ఎంబ్రియోల్లో క్రోమోజోముల లెక్క తప్పుతుంది కాబట్టి. కానీ ఈ కేసుకి అది మందు కాదు. పీజీటీ ఏ క్రోమోజోముల సంఖ్య లెక్కపెడుతుంది, నేను చెప్పిన తాళాలు అందులో కనపడవు. జెయింట్ విషయంలో కూడా, 69 ఉన్నప్పుడు అన్నీ సమానంగా పెరుగుతాయి కాబట్టి కొన్ని రకాల టెస్టులు దాన్ని నార్మల్ అనే చూపిస్తాయి. నార్మల్ రిపోర్టు చేతిలో ఉందని నిశ్చింతగా ఉండడానికి లేదు.

పైగా మన దగ్గర 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం ఎంబ్రియో జన్యు పరీక్ష జబ్బుల కోసమే, ఆడా మగా చెప్పడం జైలు కేసు. అక్కడిలా బాబా పాపా రిపోర్టులో రాదు, ఎవరూ ఆ ప్రశ్న అడగొద్దు ప్లీజ్, వారానికి ఇద్దరు మెసేజ్ పెడతారు.

అనంతపురం_అత్త (సాయంత్రం 4:00)

నాకు 58, మా కోడలి కోసం ఇక్కడ చేరినా. అండం బాగా రావాలంటే ఏదన్నా తినొచ్చా నాయనా? మా పక్కింటామె అశ్వగంధ, ఇంకేదో ఖరీదైన మాత్ర, క్యూ టెన్ అంట, కోడలికి పెట్టమంటోంది. ఇంకోటి, గుంటూరులో 74 ఏండ్లామెకి కవలలు పుట్టిరని పేపర్లో చూసినాం గదా, ఆమె అండం అంత బాగా ఎట్లుండె?

సూర్యాపేట_వాణి (సాయంత్రం 4:12)

అత్తమ్మా, 2019 సెప్టెంబర్లో కదా అది, ఆవిడది సొంత అండం కాదు, డోనర్ అండం. గర్భసంచి మందులతో సిద్ధం చేస్తారు, వయసు ఆగనిది అండానికే. ఇప్పుడైతే చట్టం 50 దాటిన ఆడవాళ్లకి చేయనివ్వదు.

ల్యాబ్_కోటు (సాయంత్రం 6:20)

క్యూ టెన్ మీద చిన్న చిన్న స్టడీలు ఉన్నాయి, గట్టి రుజువు లేదు, హాని కూడా పెద్దగా లేదు, జేబుకే హాని. అశ్వగంధ మాత్రం డాక్టర్‌ని అడక్కుండా వద్దు, ట్రాన్స్‌ఫర్ అయ్యాక (ఎంబ్రియో లోపల పెట్టాక) అసలే వద్దు. ఏ మాత్రా క్రోమోజోముల లెక్క సరిచేయదు. కోడలికి పొగ తాగేవాళ్లెవరూ దగ్గరలో లేకుండా చూడండి, అది ఫ్రీ. మీ అబ్బాయి తాగుతాడా?

అనంతపురం_అత్త (సాయంత్రం 6:31)

తాగుతాడు. ఇయ్యాల చెప్తా వానికి.

ఖమ్మం_రజని (రాత్రి 8:05)

మధ్యలో దూరినందుకు సారీ. నాకు మూడు సైకిళ్లూ అండాలన్నీ ఎం1 దగ్గరే ఆగిపోయాయి, ఒక్కటి కూడా పండలేదు. ట్రిగ్గర్ (అండాలు పండించే ఆఖరి ఇంజెక్షన్) మార్చారు, టైం మార్చారు. ఇదీ అండం లోపమేనా?

ల్యాబ్_కోటు (రాత్రి 8:40)

రజని గారూ, ఒకటో రెండో ఆగితే మామూలే, మూడుసార్లూ అన్నీ అక్కడే ఆగితే జన్యు పరీక్ష గురించి అడగండి. టీయూబీబీ8 అనే జన్యువులో మార్పు ఉంటే క్రోమోజోములు పంచుకోవడానికి అండం వేసుకునే దారాలే సరిగ్గా కట్టుకోవు, 2016లో చైనా కుటుంబాల్లో కనిపెట్టారు. అలా ఉంటే ఎన్ని ఇంజెక్షన్లు మార్చినా ఫలితం ఉండదు, అది ముందే తెలిస్తే ఇంకో రెండు సైకిళ్ల డబ్బూ ఒళ్లూ మిగులుతాయి. వేరే థ్రెడ్ తెరవండి, అక్కడ మాట్లాడదాం.

ఆదిలాబాద్_జ్యోతి (రాత్రి 9:50)

రాయాలా వద్దా అని పొద్దున్నుంచీ ఆలోచిస్తున్నా.

నా రిపోర్టులో "ఎక్సలెంట్ ఊసైట్స్" అని రాశారు. పద్నాలుగు అండాలు, అన్నీ గుండ్రంగా, ఫోటో ఫ్రేము కట్టించుకోవచ్చు అన్నంత బాగున్నాయి. బాబు పుట్టాక మూడో రోజు పిల్లల డాక్టర్ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు తీయలేదు. ఆ సేపట్లోనే నాకు అర్థమైపోయింది. గుండెలో రంధ్రం. హైదరాబాద్ తీసుకెళ్లి ఎకో చేయిస్తే చిన్నదే, దానంతట అదే మూసుకోవచ్చు అన్నారు. మూడేళ్లు ప్రతి ఆర్నెల్లకీ తిప్పాం. పోయిన సంక్రాంతికి వెళ్తే మూసుకుపోయింది అన్నారు. మావారు ఆసుపత్రి క్యాంటీన్లోనే నాలుగు బన్నులు తిన్నారు, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు పాపం.

మా చుట్టాలంతా "ట్యూబులో పెట్టినందుకే" అన్నారు. మా చిన్నాడపడుచు కూతురికి కూడా ఇదే రంధ్రం, వాళ్లు ఏ ట్యూబూ చూడలేదు. లక్ష్మీ, అండం బాగుందని రాసినా నాకు జరిగింది, బాలేదని రాసినా వాణికి ఏనుగులు గీసే పిల్ల పుట్టింది. ఏం చెప్పాలో నాకూ తెలీదు.

సూర్యాపేట_వాణి (రాత్రి 9:58)

జ్యోతక్కా 🙏 బాబుకి ముద్దులు.

నల్లగొండ_శ్రీను (రాత్రి 10:20)

అయితే ల్యాబ్ తమ్ముడూ సూటిగా అడుగుతున్నా. ఐవీఎఫ్ పిల్లల్లో లోపాలు ఎక్కువా కాదా? ఇంట్లో రెండోదానికి అడుగుతోంది.

ల్యాబ్_కోటు (రాత్రి 11:10)

కొంచెం ఎక్కువే అన్నా, దాచలేను. 2012లో దక్షిణ ఆస్ట్రేలియా లెక్క బాగా పెద్దది: సహజంగా వచ్చిన గర్భాల్లో 5.8 శాతం, ఐవీఎఫ్‌లో 7.2, ఇక్సీలో 9.9. అది చూసి గుండె పట్టుకోవద్దు, వాళ్లు పుట్టినప్పుడే కాదు, ఐదేళ్ల వయసు దాకా బయటపడినవీ కలిపి లెక్కేశారు. తల్లి వయసు లాంటివి సర్దేసరికి ఐవీఎఫ్ తేడా దాదాపు పోయింది, ఇక్సీది కొంత మిగిలింది. మిగిలినది సూది వల్లా, లేక సూది అవసరమైన తండ్రుల జన్యువుల వల్లా అన్నది ఇప్పటికీ వాదనే.

ఇంకో సంగతి నేను ఎప్పుడూ పేషెంట్లకి చెప్తుంటా. అండం ఎలా ఉందో మనకి కనపడేది ఇక్సీలోనే, ఎందుకంటే దాని చుట్టూ ఉన్న కణాల మబ్బుని ఎంజైముతో కడిగేస్తాం. మామూలు ఐవీఎఫ్‌లో ఆ మబ్బుతోనే వీర్యంలో వదిలేస్తాం, లోపల క్లస్టర్ ఉందో మడ్డి ఉందో ఆ పూట ఎవరూ చూడరు. 1978లో పుట్టిన మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ లూయీ బ్రౌన్ నుంచి చాలా ఏళ్లు అలాగే నడిచింది, ఇక్సీతో మొదటి గర్భాల కబురు వచ్చిందే 1992లో. సహజంగా పుట్టిన మనందరి అండాలూ ఎవడు చూశాడు? నేను పుట్టిన అండంలో ఏ బిళ్ల ఉండేదో మా అమ్మకేం తెలుసు. చూడగలుగుతున్నాం కాబట్టి రాస్తున్నాం, రాసిన ప్రతిదానికీ అర్థం ఉందని కాదు. పోలార్ బాడీ (అండం పక్కన ఉండే చిన్న కణం) రెండు ముక్కలైందనీ, చుట్టూ ఖాళీ ఎక్కువుందనీ రిపోర్టులో రాస్తే అసలు పట్టించుకోవద్దు. 2011లో యాభై దాకా స్టడీలు ఒకచోట పెట్టి చూస్తే, అండం రూపంలో ఏ ఒక్క గుర్తూ ఫలితాన్ని నమ్మకంగా చెప్పలేకపోయింది.

తణుకు_లక్ష్మి (మరుసటి రోజు, మధ్యాహ్నం 3:30)

వెళ్లొచ్చాం. ఈసారి మావారు కూడా ఫైలు పట్టుకుని కూర్చున్నారు, ల్యాబ్ అన్న చెప్పిన ప్రశ్నలు చీటీ మీద రాసుకుని.

డాక్టర్ గారు లోపల్నించి ఎంబ్రియాలజిస్టుని పిలిపించారు. చిన్నమ్మాయి, తలకి నీలం టోపీ అలాగే ఉంది. రెండు ఎస్‌ఈఆర్ అండాలనీ మిగతావాటితో కలపకుండా వేరే డిష్‌లో పెట్టిందట, కానీ ఆ రెండూ ఒకే చుక్కలో ఉన్నాయి. అంటే 4ఏఏ ఆ రెండింట్లో ఒకదానిదన్నది ఖాయం, ఏదన్నది చెప్పలేం. ఫోన్‌లో ఫోటో చూపించింది. నాణెంలా ఉందన్న మాట నిజమే, నేనైతే చూపిస్తే తప్ప కనిపెట్టలేను. "మీకు ముందే చెప్పాల్సింది, నేను రాసి డాక్టర్ చెప్తారనుకున్నా" అంది. డాక్టర్ గారు టేబుల్ వైపు చూశారు. మావారు ఏదో అనబోతే నేనే చెయ్యి పట్టుకున్నా.

ముందు 4బీబీ పెడతాం. అది నిలవకపోతే 3బీసీ. 4ఏఏని పారేయమని చెప్పలేదు, పదేళ్ల దాకా ఉంచుకోవచ్చట, ఉంచమన్నాం, ఫీజు కట్టాం. ఎప్పుడైనా దాన్ని పెట్టాల్సి వస్తే 12 వారాలకి ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక నీరు చూసేది), 20 వారాలకి టిఫా (బిడ్డ అవయవాలన్నీ చూసే స్కాన్), 22 నుంచి 24 మధ్య బిడ్డ గుండె ఎకో జాగ్రత్తగా చేయించాలని రాసిచ్చారు. ఎలాగూ ఇక్సీ గర్భాలన్నిటికీ ఎకో చేయిస్తామన్నారు.

ల్యాబ్_కోటు (సాయంత్రం 5:15)

బాగా అడిగారు. నేనైనా ఇదే వరస చెప్పేవాణ్ని. ఆ అమ్మాయి వేరే డిష్‌లో పెట్టిందంటే పని తెలిసిన పిల్ల. కానీ ఇంకో సైకిల్ అంటూ వస్తే ఒక్కో అండానికి ఒక్కో చుక్క పెట్టమనండి, ట్రిగ్గర్, డోసు గురించి కూడా డాక్టర్‌ని అడగండి. మందుల డోసు, ఇంజెక్షన్ల రోజులు ఎక్కువైన సైకిళ్లలో ఈ బిళ్లలు ఎక్కువ కనపడతాయని కొందరు రాశారు, అందరూ ఒప్పుకోలేదు.

అనంతపురం_అత్త (సాయంత్రం 6:00)

ఎప్పుడు పెడతారంట తల్లీ?

తణుకు_లక్ష్మి (సాయంత్రం 6:04)

పీరియడ్ రెండో రోజు నుంచి మాత్రలు మొదలు అత్తమ్మా, అంటే వచ్చే వారం. మా అత్తగారికి నిన్న రాత్రి చెప్పేశా. "మా అమ్మకి ఎనిమిది మంది, ఎవరి గుడ్డు ఎట్లా ఉందో ఎవరు చూశారే" అని పప్పు తాలింపు పెట్టుకుంటూ వెళ్లిపోయింది.